గరిటె చేతికి రావడానికి ముందు: విన్నిపెగ్ చర్చి భోజనశాలలో నా అనుభవం

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో డౌన్‌టౌన్‌కు ఆనుకుని ఉన్న ఒక పాత రాతి చర్చి, నిలువ నీడ లేనివారికి వారంలో కొన్ని రోజులు మధ్యాహ్నం పూట వేడి భోజనం పెడుతుంది. అక్కడ వడ్డన పనికి వస్తానని నేను దరఖాస్తు ఇచ్చింది 2024 సెప్టెంబరు మొదటి వారంలో. గరిటె నా చేతికి వచ్చింది నవంబరు నెలాఖరున. అన్నం పెట్టడానికి ఇంత తతంగం ఎందుకని ఇక్కడి తెలుగువారు చాలామంది నన్ను అడుగుతున్నారు గనుక, దేని తరువాత ఏది జరిగిందో, ఎక్కడ ఎంత కాలం ఆగవలసి వచ్చిందో, చేతి నుంచి ఎంత పోయిందో దాచకుండా రాస్తున్నాను.

నేను కాకినాడ దగ్గర బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పకపోతే తరువాత నేను పడిన గుంజాటన అర్థం కాదు. 1874లో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు కాకినాడలో పని మొదలుపెట్టారు; వారి బడుల్లో చదువుకుని, వారి ఆసుపత్రుల్లో పురుడు పోసుకుని మా వాళ్లు మూడు తరాలు గడిపారు. మా అమ్మమ్మ మిషను కాంపౌండులో దొరసానులు నడిపిన బోర్డింగులో ఉండి చదువుకుని టీచరైంది. ఆ చదువు లేకపోతే మా అమ్మకు చదువు లేదు, నాకు ఈ దేశమూ లేదు. కెనడా చర్చి అంటే మా ఇంట్లో కృతజ్ఞత తప్ప వేరే భావం ఎన్నడూ లేదు.

దరఖాస్తు ఇచ్చిన వారానికి కోఆర్డినేటరు నన్ను పిలిచి అరగంట మాట్లాడారు. ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నారని అడిగితే, ఆకలిగొన్నవారికి భోజనం పెట్టడం ప్రభువుకు పెట్టినట్టేనని చిన్నప్పటి నుంచి విన్న మాటే చెప్పాను. ఆవిడ అది రాసుకుని, చాలా మర్యాదగా కొన్ని నియమాలు చెప్పారు. భోజనానికి ముందు ప్రార్థన ఉండదు. వాక్యం చెప్పకూడదు, కరపత్రాలు పంచకూడదు. అతిథి తనంతట తాను ప్రార్థించమని అడిగితే పక్కకు వెళ్లి ప్రార్థించవచ్చు, అంతకు మించి వద్దు. భోజనానికి వచ్చేవారిని అతిథులనే అంటారు. ఫొటోలు తీయకూడదు, డబ్బు ఇవ్వకూడదు, ఈ పరిస్థితి ఎలా వచ్చిందని అడగకూడదు. మిగిలినవన్నీ నాకు సబబుగానే తోచాయి గానీ, చర్చిలో అన్నం ముందు ప్రార్థన లేకపోవడం మాత్రం మింగుడు పడలేదు. ప్రార్థన లేకుండా పళ్లెం ముట్టుకుంటే మా ఇంట్లో వీపు పగిలేది. కారణం అడిగాను. అక్టోబరులో శిక్షణ ఉంది, అది అయ్యాక అడగండి అన్నారు.

తరువాతది పోలీసు తనిఖీ. పిల్లలు, వృద్ధులు, ఇతరుల మీద ఆధారపడి బతికేవారు ఉండే చోట పనిచేయాలంటే మామూలు నేర చరిత్ర పరిశీలనతో పాటు ఇంకొకటి అదనంగా చేస్తారు. లైంగిక నేరాలకు శిక్ష పడి ఆ తరువాత క్షమాభిక్ష పొందినవారి జాబితాతో మన వివరాలను సరిచూస్తారు. ఆ సరిచూడడం పేరును బట్టి కాదు, పుట్టిన తేదీని బట్టీ, ఆడా మగా అన్నదాన్ని బట్టీ జరుగుతుంది. నా చిక్కు అక్కడే వచ్చింది. కాగితాల్లో నా పుట్టిన తేదీ జులై 1. నన్ను ఒకటో తరగతిలో చేర్చుకున్న హెడ్మాస్టరుగారు వేసిన తేదీ అది. అమ్మ లెక్క ప్రకారం నేను పుట్టింది సంక్రాంతి వెళ్లాక. మా తరంలో ఇంతమంది జూన్, జులై నెలల్లోనే ఎందుకు పుట్టారో తెలుగువారికి నేను వివరించనక్కరలేదు.

ఆ తేదీ జాబితాలో ఎవరిదో ఒకరి తేదీతో కలిసింది. పది రోజులకు వచ్చిన ఉత్తరంలో, నేను ఆ మనిషిని కాదని తేల్చడానికి వేలిముద్రలు ఇవ్వాలని ఉంది. ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడ కూడా చదివి, "ఏవండీ, ఇది ఆఫీసువాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారు?" అంది. ఇదంతా మానేస్తే పోతుందని ఇద్దరమూ అనుకున్నాము. తీరా వెళితే కౌంటరులోని ఉద్యోగిని, ఇలాంటివి ఎప్పుడూ వస్తూనే ఉంటాయనీ, దీని వల్ల మీ మీద ఏ మచ్చా పడదనీ తేలికగా చెప్పి పంపింది. సిరా లేదు; గాజు పలక మీద ఒక్కొక్క వేలూ ఒత్తించారు. చర్చి ఇచ్చిన ఉత్తరం చూపించినందుకు వాలంటీరు కింద రుసుము తగ్గించారు. ఫలితం రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుందన్నారు, పట్టింది. మీ కాగితాల్లో కూడా బడివారు వేసిన తేదీయే ఉంటే, ఉత్తరం వచ్చినప్పుడు నాలాగా బెంబేలెత్తకండి.

ఫలితం కోసం ఆగుతుండగానే సెప్టెంబరు 30 వచ్చింది. సత్యం, సయోధ్యల జాతీయ దినంగా కెనడా ప్రభుత్వం 2021 నుంచి పాటిస్తున్న ఆ రోజును మానిటోబా రాష్ట్రం మొదటిసారి చట్టబద్ధమైన సెలవుగా ఇచ్చింది 2024లోనే. అంతకు ముందు ఆఫీసులో అందరూ నారింజ రంగు చొక్కాలు వేసుకుంటే నేనూ వేసుకునేవాణ్ణి, కారణం మాత్రం లీలగా తెలుసు. ఫిల్లిస్ వెబ్‌స్టాడ్ అనే ఆవిడ 1973లో ఆరేళ్ల పిల్లగా, ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి ఉంచిన రెసిడెన్షియల్ స్కూలుకు వెళ్లినప్పుడు, అమ్మమ్మ కొనిపెట్టిన నారింజ రంగు చొక్కాను మొదటి రోజే వలిచి తీసేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. 2024లో ఆ రోజున చర్చివారితో కలిసి ఊరేగింపులో నడిచాను. ముందు వరుసలో చక్రాల కుర్చీల్లో ఉన్న ముసలివాళ్లను చూసి, వీళ్లంతా ఆ బడుల్లో చదివినవాళ్లని పక్కనున్నావిడ చెప్పేదాకా, ఇది నా కళ్ల ముందు బతికున్న మనుషుల సంగతని నాకు తట్టలేదు.

శిక్షణ అక్టోబరు ఆఖరి శనివారం. దాన్ని బ్లాంకెట్ ఎక్సర్‌సైజ్ అంటారు. ఆదివాసుల స్థితిగతుల మీద వేసిన రాయల్ కమిషన్ నివేదిక 1996లో వచ్చాక, దాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడానికి చర్చిల కూటమి ఒకటి ఆదివాసీ పెద్దలతో కలిసి 1997లో దీన్ని తయారుచేసింది. ఇప్పుడు కైరోస్ అనే చర్చిల సంస్థ పేరుతో నడుస్తోంది. ఉపన్యాసాలు ఉంటాయనుకుని నోటు పుస్తకం తీసుకెళ్లాను, తెరవలేదు. బూట్లు బయట విప్పించి, హాలు నిండా పరిచిన దుప్పట్ల మీద మమ్మల్ని నిలబెట్టారు. ఆ దుప్పట్లు ఈ ఖండపు నేల, వాటి మీదున్నవాళ్లం ఈ నేల మనుషులం. ఎటు కావాలంటే అటు నడవండి, పలకరించుకోండి అన్నారు. కాసేపటికి ఒకరు చరిత్ర చదవడం మొదలుపెట్టారు, తెల్లవారి పాత్ర వేసినవారు వచ్చి దుప్పట్ల అంచులు మడవసాగారు. ఒక్కొక్క చట్టానికి ఒక మడత. ఒక్కొక్క ఒప్పందానికి ఒక మడత. ముందే చేతికిచ్చిన చీటీలను బట్టి మశూచితో పోయినవారిని కొందరిని, ఆకలితో పోయినవారిని కొందరిని దుప్పటి దిగి పక్కకు వెళ్లిపొమ్మన్నారు. నా పక్కన నిలబడి హాకీ గురించి కబుర్లు చెబుతున్న కుర్రాడు చీటీ చూసుకుని మాట మధ్యలో ఆపి వెళ్లిపోయాడు. నా దుప్పటి తువ్వాలంత అయింది, తరువాత రుమాలంత అయింది; చివరికి ఒంటి కాలి మీద నిలబడి పడిపోకుండా గోడ పట్టుకున్నాను.

రెసిడెన్షియల్ స్కూళ్ల దగ్గరికి వచ్చేసరికి కొందరిని మిగిలినవారి నుంచి విడదీసి, ఒంటరిగా ఒక మూల దుప్పటి మీద వీపు తిప్పి నిలబెట్టారు. 1,50,000 మందికి పైగా ఆదివాసీ పిల్లలను ఆ బడులకు తీసుకుపోయారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు, జుట్టు కత్తిరించారు; తిరిగి రాని పిల్లల పేర్లు ఇప్పటికి దొరికినవే 4,000కు పైగా ఉన్నాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది చర్చిలు: ఎక్కువ కేథలిక్కులు, తరువాత ఆంగ్లికన్, యునైటెడ్, ప్రెస్బిటేరియన్ సంఘాలు. చివరి బడులు మూతపడింది 1990ల్లో. ఆ పిల్లలు రోజూ చేసిన మొదటి పని వారికి తెలియని భాషలో ప్రార్థన అని చదివేవారు చెప్పినప్పుడు, సెప్టెంబరులో నేను అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది. కోఆర్డినేటరును మళ్లీ అడగలేదు.

ఆ తరువాత చర్చి పాస్టరు లేచి నిలబడి తమ సంఘం సంగతి తామే చెప్పుకున్నారు. అది యునైటెడ్ చర్చి ఆఫ్ కెనడాకు చెందిన సంఘం. ఆదివాసుల ఆధ్యాత్మికతను తొక్కివేసినందుకు ఆ చర్చి 1986లో సడ్బరీలో క్షమాపణ కోరింది. ఆదివాసీ పెద్దలు ఆ మాట విన్నామన్నారు గానీ క్షమించామని అనలేదు. ఆచరణలో చూపించండి, చూద్దాం అన్నారు. ఆ రోజుకు గుర్తుగా అక్కడ పేర్చిన రాళ్ల గుట్టను కావాలనే పూర్తి చేయకుండా వదిలారు. రెసిడెన్షియల్ స్కూళ్ల విషయంలో విడిగా క్షమాపణ చెప్పడానికి చర్చికి ఇంకో పన్నెండేళ్లు, అంటే 1998 దాకా పట్టింది. పాస్టరుగారు ఇదంతా చెబుతున్నప్పుడు గొంతులో నాటకీయత ఏమీ లేదు. బాకీ లెక్క చదివినట్టు చదివారు. ఆ తీరు నాకు నచ్చింది.

చివర అందరం గుండ్రంగా కూర్చున్నాము. శిక్షణకు పెద్దరికం వహించిన అనిషినాబే అనే ఆదివాసీ జాతి పెద్దావిడ ముందు ఆల్చిప్పలో సేజ్ ఆకు వెలిగించి, గద్ద ఈకతో పొగను విసురుతూ ఒక్కొక్కరి ముందుకూ తెచ్చారు. చేతులతో పొగను తల మీదికి, కళ్ల మీదికి, గుండె మీదికి తీసుకుంటారు. ఇష్టం లేనివారు తల ఊపితే చాలు, ముందుకు వెళ్లిపోతారు. అగరొత్తి కూడా వెలిగించని ఇంట్లో పుట్టినవాణ్ణి, నా వంతు వచ్చేసరికి ఏమి చేయాలో తోచక గుండె దడదడలాడింది. నేను తీసుకున్నాను. మా సంఘంలోనే ఇంకో తెలుగాయన తీసుకోలేదు, ఆయన్ను ఎవరూ రెండో మాట అడగలేదు. మాట్లాడే వంతు వచ్చినవారికి ఈక అందిస్తారు. అది చేతిలో ఉన్నంతసేపు మిగిలినవారు నోరు విప్పరు. ఏడ్చినవారు కళ్లు తుడుచుకున్న కాగితాలను చెత్తబుట్టలో వేయనివ్వలేదు. ఒక కాగితపు సంచిలో పోగుచేయించి, తరువాత పవిత్రాగ్నిలో వేస్తారని చెప్పారు. నా కాగితమూ అందులోనే వేశాను.

పొగాకు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మన వాళ్లకు ఎవరూ ముందుగా చెప్పరు. ఆదివాసీ పెద్దలను ఒక మాట చెప్పమనో, సలహా ఇమ్మనో అడగదలచుకుంటే ముందుగా పొగాకు సమర్పించాలి. అది తాగడానికి కాదు. సేజ్, దేవదారు, స్వీట్‌గ్రాస్‌లతో పాటు వారి నాలుగు పవిత్ర ఔషధాల్లో ఒకటి. ఆ శనివారం పొగాకు తెచ్చే వంతు నాకు పడింది. జీవితంలో మొదటిసారి పొగాకు కొట్టుకు వెళ్లి ఒక్క పొట్లం అడిగితే 40 డాలర్లు దాటింది. ఫోనులో చెబితే అమ్మ, "చర్చి పనికి పొగాకేంట్రా నాన్నా, పాస్టరుగారికి తెలుసా?" అంది. పాస్టరుగారే తెమ్మన్నారమ్మా అంటే చాలాసేపు ఏమీ అనలేదు.

ఆ ఫోనులోనే అమ్మకు ఈ బడుల సంగతంతా చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. "మా అమ్మ బోర్డింగులో ఉండబట్టే కదరా మనం మనుషులమైంది. దొరసాని పోయినప్పుడు మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు" అంది. అది నిజం. అమ్మమ్మను ఆ బోర్డింగుకు వాళ్ల నాన్నే చేయి పట్టుకుని తీసుకెళ్లి దింపాడు, సెలవులకు ఇంటికి వచ్చేది, తెలుగులోనే చదివింది, తెలుగులోనే పాడింది. ఇక్కడి తల్లిదండ్రుల చేతిలోంచి పిల్లలను చట్టం పేరుతో లాక్కున్నారు. మా మిషను వేరు, ఈ బడులు నడిపిన సంఘాలు వేరు అని కూడా నాకు తెలుసు. అయినా ఒకే దేశంలోని విశ్వాసులు ఒకే కాలంలో కానుకల సంచుల్లో వేసిన డబ్బే మా అమ్మమ్మకు పలకైంది, ఇంకొక చోట ఒక పిల్లకు బెత్తమైంది. ఈ రెండింటినీ ఎలా కలిపి పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు. అమ్మ, నేను ఆ విషయం మళ్లీ ఎత్తుకోలేదు.

నవంబరు 4న మర్రీ సింక్లెయిర్ పోయారు. మానిటోబాలో మొదటి ఆదివాసీ న్యాయమూర్తి ఆయన. రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపి 2015లో 94 సిఫారసులు చేసిన కమిషన్‌కు అధ్యక్షుడు. శాసనసభ ఆవరణలో ఆయన కోసం పవిత్రాగ్ని వెలిగించారు. చర్చివారు కొందరు వెళుతుంటే నేనూ వెళ్లి, చిటికెడు పొగాకు ఎడమ చేతిలో పట్టుకుని మంటలో వేశాను. అంతకు నెల క్రితం అయితే అక్కడ నాకు పని ఉందని అనుకునేవాణ్ణి కాదు.

నవంబరు మధ్యలో నలాక్సోన్ శిక్షణ, ఒక సాయంకాలం రెండు గంటలు. ఫెంటనిల్ లాంటి మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవారికి ఇచ్చే విరుగుడు అది. భుజం మీద గట్టిగా నొక్కి పిలవడం, పలకకపోతే 911కు ఫోను చేయడం, ఐదు సెకన్లకొక ఊపిరి ఊదడం, చిన్న గాజు గొట్టం మెడ విరిచి సిరంజిలోకి ఎక్కించి తొడ కండలో బట్టల మీది నుంచే పొడవడం నేర్పారు. మొదటి మోతాదుకు ఫలితం కనిపించకపోతే మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి రెండోది ఇవ్వాలి, ఈలోగా ఊపిరి ఊదడం ఆపకూడదు. మత్తుమందు తీసుకోనివారికి పొరపాటున ఇచ్చినా హాని లేదు. 911కు ఫోను చేసినవారి దగ్గర సొంత వాడకానికి మత్తుమందు ఉన్నా, అందుకు కేసు పెట్టకుండా 2017లో చట్టం వచ్చిందట. ఆ సంగతి అతిథులకు మాకంటే బాగా తెలుసు. శిక్షణకు గానీ, చేతికిచ్చిన కిట్‌కు గానీ మా దగ్గర డబ్బు తీసుకోలేదు. గాజు గొట్టం విరచడం మాత్రం చేతికి గుడ్డ చుట్టుకుని ఇంట్లో ఒకసారి అలవాటు చేసుకోవడం మంచిది.

పోలీసు కాగితం వచ్చిన వారమే నన్ను వడ్డనకు వేశారు. అప్పటికి మైనస్ 20 దాటింది. ఆ రోజు బార్లీ వేసిన గొడ్డు మాంసపు సూపు, బన్నాక్ రొట్టె. బయట తలుపు దగ్గర మొదట నాకు అప్పజెప్పింది కాఫీ. పెద్ద కాఫీ పాత్రను కొళాయి కింద పెట్టి నీళ్లు నింపుతుంటే, వంటగది చూసుకునే ఆదివాసీ ఆవిడ ఆ నీళ్లు ఎక్కడివో తెలుసా అని అడిగింది. 1919 నుంచి విన్నిపెగ్ తాగుతున్నది మానిటోబా, ఒంటారియోల సరిహద్దులోని షోల్ లేక్ నీళ్లు. ఆ నీళ్లు ఇటు పారించడానికి తవ్విన కాలువ, షోల్ లేక్ 40 అనే ఆదివాసీ గ్రామాన్ని దీవిగా మార్చేసింది. ఆ సరస్సు ఒడ్డునే ఉన్నవాళ్లకు 1997 నుంచి 2021 దాకా కాచుకోనిదే నీళ్లు తాగడానికి వీల్లేకపోయింది. ఊరికి రోడ్డు వచ్చింది 2019లో. ఆవిడ ఇదంతా పాత్ర నిండేలోగా చెప్పేసి, చక్కెర డబ్బా దగ్గరికి జరిపింది. కాఫీలో నాలుగైదు చెంచాల చక్కెర అడుగుతారు, లెక్కపెట్టకుండా వేయమంది.

వడ్డనలో నేను ఊహించని సంగతులు కొన్ని ఉన్నాయి. చాలామందికి పళ్లు లేవు. ఆపిల్ పండ్లు విరాళంగా వస్తే ఎవరూ తీసుకోరు, అరటిపండ్లు నిమిషంలో అయిపోతాయి. పళ్లెంలో మనమే వేసేయకుండా ఏది ఎంత కావాలో అడగాలి, ఎందుకంటే ఆ రోజంతటిలో వారిని ఎవరైనా అడిగే ప్రశ్న అదొక్కటే కావచ్చు. అతిథికీ, తలుపుకీ మధ్యలో నిలబడకూడదు. కోట్ల కంటే కొత్త మేజోళ్లకు గిరాకీ ఎక్కువ. తడిసిన మేజోళ్లతో బస్సు షెల్టరులో రాత్రి గడిపితే వేళ్లు పోతాయి. చలికి గడ్డకట్టిన వేళ్లను రుద్దకూడదని, గోరువెచ్చని నీళ్లలో పెట్టించి నర్సును పిలవాలని అక్కడే నేర్చుకున్నాను. వేలిముద్రల గొడవ వల్ల రావడం ఆలస్యమైందని నేను ఒక బల్ల దగ్గర చెబితే ఒకాయన పడీపడీ నవ్వి, "మావైతే వాళ్ల దగ్గర ఎప్పటి నుంచో భద్రంగా ఉన్నాయి" అన్నాడు. ఇంకొకాయన నేను అద్దె ఎంత కడతానో అడిగాడు. చెప్పాను. "ఈ నేలంతటికీ నాకొచ్చే అద్దె ఏడాదికి 5 డాలర్లు" అన్నాడు. అది హాస్యానికన్నదే గానీ కల్పన కాదు. 1871 ఆగస్టు 3న లోవర్ ఫోర్ట్ గ్యారీలో ప్రభుత్వానికీ ఆదివాసులకీ మధ్య కుదిరిన మొదటి ఒప్పందం ప్రకారం మనిషికి ఏడాదికి 3 డాలర్లు, 1875లో దాన్ని 5 చేశారు. ఈ రోజుకీ అంతే ఇస్తున్నారు. విన్నిపెగ్ జనాభాలో ఆదివాసులు సుమారు 12 శాతం. ఇల్లు లేనివారిని లెక్కపెట్టినప్పుడు మాత్రం మూడింట రెండు వంతులకు మించి వాళ్లే. హాలులో కూర్చుని చూస్తే ఆ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

అరవై ఏళ్లు దాటిన ఒకాయన మాత్రం లోపలికి రాడు. మెట్ల మీద నిలబడే తింటాడు, మైనస్ 30లో కూడా. మొదటి రోజు నేను తలుపు తీసి లోపల వెచ్చగా ఉందని చెప్పబోతుంటే కోఆర్డినేటరు నా భుజం మీద చేయి వేసి, పళ్లెం బయటికే తీసుకెళ్లమన్నారు. ఆయన చిన్నతనం ఏ బడిలో గడిచిందో నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు. చలికాలమంతా ఆయనకు మూత ఉన్న గిన్నెలో సూపు, రెండు రొట్టెలు బయటికే వెళ్లాయి. మీగ్వెచ్ అంటాడు, కృతజ్ఞత చెప్పడమన్న మాట. గిన్నె తిరిగి మెట్టు మీద బోర్లించి పెడతాడు. చర్చి తలుపు తెరిచి ఉంటే జనం పరుగెత్తుకుని వస్తారని అనుకుంటూ పెరిగిన నాకు, తలుపు దగ్గర ఇలా నిలబడి ఉండడమే అన్నిటి కంటే కష్టంగా ఉండేది. చేతులు గడ్డకట్టడం ఆ తరువాతి సంగతి.

2025 ఫిబ్రవరి నెలాఖరున, హత్యకు గురైన ఆదివాసీ స్త్రీల కోసం నగరానికి ఉత్తరాన ఉన్న చెత్తకుప్పలో డిసెంబరు నుంచి జరుగుతున్న గాలింపులో మానవ అవశేషాలు దొరికాయని వార్త వచ్చింది. వెతకడం సాధ్యం కాదని ముందు అన్నారు. కుటుంబాలు రెండేళ్లు పోరాడాకే తవ్వకం మొదలైంది. ఆ మరుసటి భోజనం రోజు హాలులో ఎప్పుడూ ఉండే పేకాట లేదు, పరిహాసాలు లేవు. వంటగది ఆవిడ పని ఆపి సేజ్ వెలిగించి బల్లల మధ్య తిరిగారు. పాస్టరుగారు అందరితో పాటు వంతు కోసం ఆగి పొగ తీసుకున్నారు. ఆ రోజు సూపు చాలా మిగిలిపోయింది.

ఖర్చుల లెక్క అడిగినవారి కోసం చెబుతున్నాను. తనిఖీల రుసుములు పెద్దవి కావు. పొగాకు పొట్లం సంగతి చెప్పాను, ఆ తరువాత చర్చియే కొంటోంది. నిజంగా ఖర్చయింది చలిబూట్లకు: తలుపు దగ్గర గంటల తరబడి నిలబడాలంటే ఆఫీసు బూట్లు పనికిరావు, 150 డాలర్లకు పైగా పెట్టాను. ఏ షిఫ్టులోనైనా వంటగదిలో ఆహార భద్రత సర్టిఫికెట్టు ఉన్నవారు ఒకరుండాలి. ఒక రోజు కూర్చుంటే వస్తుంది గనుక ముందే తీసుకుంటే వంట వైపు కూడా వేస్తారు. వడ్డనకు వెళ్లిన రోజు ఆఫీసులో సగం రోజు సెలవు పోతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. మేజోళ్లు ఇవ్వదలచినవారు నల్లవి, మందపాటివి, పెద్ద సైజువి కొనండి. తెల్లవి అలాగే మిగిలిపోతున్నాయి.

మంచు కరిగాక చాలామంది నదుల ఒడ్డున గుడారాలకు వెళ్లిపోతారట, అప్పుడు భోజనం కంటే నీళ్ల సీసాలు, దోమల మందు పట్టుకుని మేమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఏప్రిల్ నుంచి మంగళవారం జట్టులో నా పేరు రాయించుకున్నాను. ఆ జట్టుకు ఇంకా ముగ్గురు కావాలి; పోలీసు తనిఖీకి పట్టే కాలం చూసుకుని, రాదలచినవారు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకుంటే జూన్‌కు అందుకుంటారు.